ముచ్చిక మీద నూగు

తొంభైల చివర్లో నేను బర్గూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కృష్ణగిరి కొండల్లో ఒకప్పుడు పూసి, తాతల కాలం నుంచి ఎవరికీ కనబడని ఒక ఊదా పూవు గురించి చదివాక నాకు అదే ధ్యాస. అది అంతరించిపోయిందని పుస్తకాలు తేల్చేశాయి. అయినా వానలు పడితే చాలు, ఆదివారాలు బండల మీద వెతికేదాన్ని. ఒంటరిగా పంపడం ఇష్టం లేక మా అత్త కూడా వచ్చేది. గొర్రెలు కాచిన మనిషి, కొండెక్కడం ఆమెకు ఒక లెక్క కాదు.

ఒక శ్రావణంలో బండ నెర్రెలో నీళ్ళు ఊరేచోట ఊదా పూలు గుంపుగా కనబడ్డాయి. అక్కడే కూర్చుండిపోయాను.

"ఏమైందమ్మా, కాలు జారిందా?"

"లేదత్తా. పోయిందన్న పూవు ఇదే."

ఆమె వంగి చూసింది. "ఇంతేనా? చానా చిన్నదే," అంది.

రెండు కొమ్మలు కాగితాల మధ్య పెట్టుకుని చెన్నైలో మా మేడమ్ దగ్గరికి పోయాను. నాకు ఎమ్మెస్సీ చెప్పినావిడ. ఆ పాత పూవు ఎండు మొక్క ఒకటి వాళ్ళ కాలేజీలో అట్టకు అంటించి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి మైక్రోస్కోప్‌లో చూశాం. పాతదాని ముచ్చిక, అంటే పూవు తొడిమ, నిండా మెత్తటి నూగు. నాదేమో నున్నగా ఉంది.

"లేతది కదా మేడమ్, ముదిరితే వస్తుందేమో," అన్నాను.

"సరే, కాయలు పట్టుకురా. గింజలు కూడా చూద్దాం."

కాయలు పండాక మళ్ళీ పోయి తెచ్చాను. ముదిరినా నూగు రాలేదు. పాతదాని గింజల మీద గుంటలుంటే, నావాటి మీద సన్నటి గీతలున్నాయి.

"ఇది అది కాదు," అన్నారు మేడమ్. నా ముఖం చూసి నవ్వారు. "దిగులెందుకు? దీనికి ఇంతవరకూ పేరే లేదు. ఇది కొత్తది."

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను.

"అయితే ఆ పాతది పోయినట్టేనా?"

"ఎవరికీ దొరకలేదత్తా."

"ఇదీ ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు గదా. మనం చూసింది ఈ కొండలే. ఆ పక్క యాడికీ పోనేలేదే," అంది.

కొన్నేళ్ళకు ఆ కొత్త పూవు వివరం మేడమ్ పేరు, నా పేరు మీద అచ్చయింది. పాతది మాకు ఇంకా కనబడలేదు. కానీ ఒక వానాకాలం, మేం అంతకుముందు పోని పక్క, కెలవరపల్లి అవతల బండ మీద ఈ కొత్తదే ఇంకో గుంపు దొరికింది. ముందు చూసింది అత్తే. నేను వచ్చేదాకా, మేకలు దాన్ని మేయకుండా పక్కనే కూర్చుంది. తెచ్చుకున్న సంగటి అక్కడే తిని, పొద్దు వాలకముందే దిగినాము.