గోపాలప్ప బిగించిన తొడ

దొడ్డబళ్ళాపురం మరమగ్గాల షెడ్లలో స్టూలు వేయరు. తెగిన పోగు కంటపడాలంటే మనిషి నిలబడే ఉండాలట. కూర్చున్నవాణ్ణి ముసలోడి కింద జమకట్టి, మగ్గాలు ఇంకొకరికి అప్పజెప్పేస్తారు. అందుకే గోపాలప్ప కుడి మోకాలు నొప్పి సంగతి భార్య పార్వతమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. బరువంతా ఎడమ కాలి మీద వేసి నెట్టుకొచ్చాడు.

ఒకరోజు షెడ్డులో తూలి పడబోతుంటే షెడ్డు యజమాని, సావుకారు గిరీష్ చూశాడు. బెంగళూరులో ఒక ఆస్పత్రివాళ్ళు మోకాళ్ళ నొప్పులకు ఉచితంగా పరీక్ష చేస్తున్నారని తన కారులోనే తీసుకెళ్ళాడు. దయతో కాదు. ఈ మనిషి ఇంకెన్నాళ్ళు పనికొస్తాడో తేల్చుకోవాలి. గదిలోకి కూడా వచ్చి గోడకు ఆనుకున్నాడు.

ఫిజియోథెరపిస్టు సమీనా పంచె పైకి జరిపి, తొడకు చల్లటి జెల్లు రాసి స్కానింగు పరికరం ఆనించింది. నొప్పి ఉన్న కాలిని మనిషి తెలియకుండానే తక్కువ వాడతాడని, తొడ కండ పలచబడి మోకాలికి ఊతం పోతుందని చెప్పింది. కండ తగ్గినవాళ్ళకు ఉచితంగా వ్యాయామం నేర్పిస్తారు, మళ్ళీ పుంజుకుంటుంది. గోపాలప్పకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ వ్యాయామం సాగినన్నాళ్ళూ ఎక్కువసేపు నిలబడకూడదని ఆమె అనేసరికి గిరీష్ గొంతు సవరించుకున్నాడు.

గోపాలప్ప తొడ బిగించాడు.

"వదులుగా పెట్టండప్పా. బిగిస్తే కండ లావుగా కనిపిస్తుంది, కొలత తప్పొస్తుంది."

"వదులుగానే ఉండాది తల్లీ. నా కాలు ఉండేదే అట్ల."

సమీనా గిరీష్‌ను బయట కూర్చోమంది. మావాడేలెమ్మా అంటూ అతను కదల్లేదు. తలుపు అవతల వంతు కోసం కాచుకున్న జనం గొణుగుతున్నారు. ఆమె కాలు వదులు చేయమని మళ్ళీ అడిగి చూసి, చివరికి ఆ బిగిసిన తొడనే కొలిచి, కండ బాగానే ఉందని పంపేసింది.

ఇంట్లో పార్వతమ్మ విని నుదురు కొట్టుకుంది. "నొప్పి చూపించుకోను పోయినావా, పెళ్ళిచూపులకు పోయినావా?"

కాలు బాగుందని తేలింది కదా అని గిరీష్ ఉన్న రెండింటికి తోడు ఇంకో రెండు మగ్గాలు అప్పజెప్పాడు. మూడో రోజు మధ్యాహ్నం వాటి మధ్యే గోపాలప్ప మోకాలు మడుచుకుపోయింది. లేచి, కుంటుకుంటూ గిరీష్ దగ్గరికి పోయాడు.

"కాలు బాగలేదప్పా. ఆ పొద్దు నువ్వుండావని బిగబట్టినాను."

"డాక్టరమ్మ నా ఎదురుగానే చెప్పింది గదప్పా, బాగుండాదని. ఊరికే నాటకాలెందుకు? పో, మగ్గం నిలిచిపోయిందక్కడ."

మనిషి మాట కన్నా యంత్రం మాట మీద నమ్మకం ఎక్కువ మన యజమానులకు, అది తమకు లాభమైన మాట అయినప్పుడు.

గోపాలప్ప మగ్గాలన్నీ ఆపి బెంగళూరు బస్సెక్కాడు. ఈసారి గదిలో సమీనా తప్ప ఎవరూ లేరు. కుడి తొడ కండ ఎడమదానికన్నా బాగా సన్నబడిపోయి ఉంది. తెర మీద అది అతనికే తెలిసిపోయింది. ఆమె మందలించలేదు. వ్యాయామానికి మర్నాటి నుంచే రమ్మంది.

అతను తిరిగొచ్చేసరికి ఆ నాలుగు మగ్గాల మధ్య ఇంకొకడు నిలబడి ఉన్నాడు.