బోణీ మెయిలు

ఇంటర్నెట్టు ఫోను తీగలోంచి కీచుమంటూ వచ్చే ఆ రోజుల్లో, భయపడడానికి దెయ్యాలు అక్కర్లేదు. నాకైతే మా సావుకారి కంప్యూటరు చాలు. ధర్మవరంలో ఆయన పట్టుచీరల అంగడికి డిజైన్లు గీసే పని నాది. పెండ్లిళ్ల సీజనుకని నెలల తరబడి గీసిన కొత్త అంచు అందులోనే ఉంది, ఇంకా మగ్గమెక్కలేదు. అది బయటికి పొక్కితే పక్క అంగళ్లవాళ్లు మాకంటే ముందే నేయించేస్తారు, నా ఉద్యోగం ఊడుతుంది. (ముదిగుబ్బ దగ్గర మా నాయన వేసిన వేరుశెనగ నిలువునా ఎండిన ఏడాది అది. ఇంట్లో పొయ్యి నా జీతంతోనే వెలిగేది.)

హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే మా మామ ముందే చెప్పాడు. "అల్లుడా, మీ మెయిలు ప్రోగ్రాము వరసలో అన్నిటికంటే పైనుండే ఉత్తరాన్ని ఎవురూ ముట్టకుండానే తెరిచి చూపిస్తాండాది. దాంట్లో వైరస్సు ఉంటే కొంప మునుగుతాది. ఆ ఏర్పాటు తీసెయ్." తీయబోతే సావుకారి ఒప్పుకోలేదు. "పొద్దున్నే బోణీకి వచ్చినోళ్లను వాకిట్లో నిలబెడతామా ఏమప్పా? మిషనుకున్న మర్యాద నీకు లేదే!" అని దానికి ఊదుబత్తి తిప్పారు.

ఒక శుక్రవారం పొద్దున బోణీ మెయిలు రానే వచ్చింది. నేను మౌసు ముట్టలేదు, మా ఇంటి దేవుని మీద ఒట్టు! అదే తెరుచుకుంది. ఇంగ్లీషులో ఏవో రెండు ముక్కలున్నాయి. కాసేపటికి కంప్యూటరు గుర్రుమంటూ, మా అంచు డిజైనును జతచేసి, మా దగ్గరున్న అడ్రసులన్నింటికీ తనే మెయిళ్లు పంపడం మొదలుపెట్టింది. ఫోను తీగ పీకేశాను గానీ పోయినవి పోయాయి.

"ఏమైందప్పా?" అన్నారు సావుకారి.

"మన అంచు ఊరంతా పోయిందన్నా."

ఆయన తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డారు. దానికే నాకు ఇంకా భయమేసింది. తెరవొద్దని బతిమాలుకుందామని ఎదురంగడికి పరుగెత్తితే, అక్కడి పెద్దాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "మేం ముట్టనేలేదబ్బా, అదే తెరుచుకునె! మా డిజైన్లన్నీ యాడికో పోతాండాయి!" అన్నాడు. వీధంతా అదే గోల. (బోణీని కాదనే అంగడి ధర్మవరంలో ఎక్కడుంది?)

మరునాడు మామ వచ్చి వైరస్సును వదిలించి, ఫోను తీగ మళ్లీ తగిలించి, పక్క అంగళ్ల నుంచి మాకు వచ్చిపడిన డిజైన్లు ఒక్కొక్కటే చూపించాడు. అదే మామిడిపిందె, అదే హంస, అదే గోపురం. మా అంచుకు అన్నీ అక్కాచెల్లెళ్లే! సావుకారి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నాళ్లూ ఏం దాచుకున్యామప్పా మనం?" అని, నన్ను పనిలోకి పొమ్మన్నారు.

ఉద్యోగం నిలబడింది. కానీ నా సొంతమనుకున్న ఆ అంచు, ఊరి మగ్గాల మీద చూసి చూసి నా చేతికి వచ్చిందేనని ఆ రోజే తెలిసింది. ఎవరూ ఎత్తుకుపోనక్కర్లేని దానికోసం అంతగా వణికిపోయిన ఆ కుర్రవాడు ఇప్పుడు ఎదురుపడితే, భుజం మీద చెయ్యేసి ఒక టీ ఇప్పించాలనిపిస్తుంది.