నాలుగు కాళ్ళ చుట్టం

మా అత్తగారికి సీతాకోకచిలుకల మీద కోపమేమీ లేదు. వాటివల్ల తనకు వేళకు భోజనం దొరకదన్నది ఒక్కటే ఆవిడ ఫిర్యాదు. కోటవురట్ల దగ్గర పల్లె నుంచి నర్సీపట్నంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా, కూతురు పొయ్యి మీద కూర వదిలేసి పెరట్లో ఆముదం ఆకులు వెనక్కి తిప్పి చూస్తూ ఉండేది. కూర మాడేది. పురుగులకు విందు అయిపోతే మనుషుల సంగతి కూడా చూడమని అత్తగారు కబురు పంపేవారు. ఆ కబురు మోసేది నేను.

నా భార్య ఇక్కడి కాలేజీలో జువాలజీ చెప్పేది. కిందటేడు వేసవిలో పోయింది. ఎలాంటి మనిషో రాయబోతే విశేషణాలు వచ్చిపడతాయి. వాటిని చూస్తే తనే కొట్టేసేది. అందుకని ఏం చేసేదో మాత్రం రాస్తాను.

తను పట్టించుకున్నది ఒక్క కుటుంబాన్ని. మా కుటుంబం కాదు. సీతాకోకచిలుకల్లో అన్నిటికన్నా పెద్ద కుటుంబం ఒకటుంది. వాటి ముందు కాళ్ళు రెండూ కురచగా, నూగుతో, చిన్న కుంచెల్లా ఉంటాయి. నడవడానికి పనికిరావు. ఎదకు ముడుచుకుని ఉంచుకుంటాయి కాబట్టి చూసేవాళ్ళకు నాలుగు కాళ్ళే కనిపిస్తాయి. వాటిని తను "కుంచెకాళ్ళ వాళ్ళు" అనేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు పెరట్లోకి తీసుకెళ్ళి వాటి కాళ్ళు లెక్కపెట్టించేది. లెక్క చెప్పందే కాఫీ లేదు. తెలివైనవాళ్ళు నాలుగని చెప్పి బేగి బయటపడేవారు. అత్తగారు మాత్రం లొంగలేదు. ఆరుండాల్సిన చోట నాలుగే ఉంటే అది కుంటిదని, కుంటిదాన్ని నిలబెట్టి కులగోత్రాలు అడగడం పాపమని అనేవారు. నిజానికి ఆ కురచ కాళ్ళకు పని లేకపోలేదు. ఆడది గుడ్లు పెట్టేముందు వాటితో ఆకును తట్టి, తన పిల్లలు తినే ఆకు అవునా కాదా చూసుకుంటుంది. ఆ మాట చెబితే అత్తగారు, మా గుంట కూర రుచి కూడా అలా చూస్తే బాగుండునన్నారు. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లను గుంట అంటారు.

పాత పుస్తకాల్లో ఇవన్నీ వేరు వేరు కుటుంబాలు. జిల్లేడు, గన్నేరు ఆకులు తిని ఒళ్ళు చేదు చేసుకునేవి ఒక ఇల్లు. చీకటిపడే వేళ వరిచేల గట్ల మీద ఎగిరే ఎండుటాకు రంగువి ఇంకో ఇల్లు. తర్వాతి వాళ్ళు కాళ్ళూ గొంగళిపురుగులూ జన్యువులూ చూసి, ఇవన్నీ ఒకే ఇంటి శాఖలని తేల్చి కలిపేశారు. ఆ సంగతి నా భార్య చెప్పిన రోజుల్లోనే అత్తగారి మరుదులు జీడితోట పంచుకుని మధ్యన ముళ్ళకంచె వేశారు.

"మనుషులు యిడిపోతంటే పురుగులు కలుస్తన్నాయేటి," అన్నారు ఆవిడ. "ఆ కలిపినోళ్ళని ఓపాలి మా ఊరు పంపించు."

శాఖల గురించి ఆవిడకు ఆసక్తి లేదంటూనే అన్నీ వినేవారు. ఒకదాని పిల్లలు మనం పప్పులో వేసుకునే పాయలకూర తిని పెరుగుతాయి. ఒంట్లో చేదు ఉండదు. అందుకని ఆడది జిల్లేడు తినేవాటి రంగులతో తిరుగుతుంది, పిట్టలు చూసి మోసపోతాయి. పెళ్ళికి పక్కింటి పట్టుచీర అడిగి కట్టుకున్నట్టని అత్తగారు ఒప్పుకున్నారు. తెల్లదొరలు ఈ ఇంటివాళ్ళకు పెట్టిన పేర్లు చెప్పినప్పుడు మాత్రం నవ్వారు. సార్జెంటు, కమాండరు, నవాబు, రాజా, బేరన్. ఇంతమందిలో ఒక్క వీఆర్వో కూడా లేడా, మరి వీళ్ళ పనులు ఎలా అవుతున్నాయని అడిగారు. నా భార్య ఆ ప్రశ్నను క్లాసులో కూడా చెప్పేది.

వీటిలో చాలావాటికి పువ్వులతో పని లేదు. పువ్వు మీద సీతాకోకచిలుక ఉన్న గ్రీటింగు కార్డు ఎవరైనా ఇస్తే నా భార్య దాన్ని తిప్పి పెట్టేది. నవాబులూ రాజాలూ వాలేది కుళ్ళిన పండు మీద, కల్లు కారే చెట్టు మీద, అంతకన్నా చెప్పుకోలేని వాటి మీద. వేసవిలో పిక్క తీసేసి పారేసిన జీడిపండ్లు పులిసిపోయి తోటంతా వాసన కొడుతుంది కదా, ఆ వాసన వాటికి పిలుపు. అందుకని మా పెరటి పిట్టగోడ మీద ఆ రెండు నెలలూ పండ్లు మెత్తగా చితికి ఉండేవి. పండ్లు మోసుకొచ్చేది అత్తగారే. బస్సులో చీరకు మరకలయ్యాయని తిడుతూనే ప్రతిసారీ తెచ్చేవారు.

మొన్న ఏడాది కార్యానికి కూడా తెచ్చారు. సంచిలో జీడిపిక్కల కింద నలిగిపోయి ఉన్నాయి.

వంటంతా ఆవిడే చేశారు. చేపల పులుసు, మునగాకు వేపుడు, రాగులతో కాచిన చోడంబలి. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ షాపు ఉన్న మా బావమరిది, అక్క ఫోటోకు బంగారు రంగు ఫ్రేము కట్టించి, చుట్టూ వెలిగి ఆరే లైట్లు పెట్టించి తెచ్చాడు. పెరటి అరుగు మీద పెడితే లైట్ల వైరు ప్లగ్గుకు అందలేదు. నేను పొడిగింపు వైరు వెతకలేదు.

అరటాకులో అన్నీ వడ్డించి పెరటి పిట్టగోడ మీద పెట్టి వచ్చాం. కాకి ముట్టాక ఇంట్లోవాళ్ళు తినాలి. కాకులు లేకపోలేదు. కరెంటు తీగ మీద కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ పెరిగింది. అత్తగారు పొద్దున్న సుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పొయ్యి దగ్గరే ఉన్నారు. గడప మీద కూర్చున్న ఆవిడకు సుగరు పడిపోతుందని బావమరిది నా చెవిలో చెప్పాడు. నేను మజ్జిగ కలిపి తీసుకెళ్ళాను. గ్లాసు పక్కన పెట్టేశారు.

"అది తినందే నాను తిన్ను బాబూ."

నేను డాక్టరు మాట ఎత్తాను. డాక్టరు తన కూతురికి కూడా చాలా చెప్పాడని ఆవిడ అన్నారు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని, దాన్ని తీరుస్తామని పైకి చెప్పాలని మావైపు నమ్మకం. ముందు బావమరిది వెళ్ళాడు. చెప్పులు విప్పి చేతులు జోడించి, అక్క పేరు మీద కాలేజీకి ఫేన్లు ఇస్తానన్నాడు. ఒక కాకి అటు తిరిగి కూర్చుంది. ఏసీ ఇస్తానన్నాడు.

"దానికి ఫేనెందుకురా," అన్నారు అత్తగారు లోపలి నుంచి. "మిట్టమజ్జానం ఎండలో నిలబడి పురుగుల్ని సూసీది." తర్వాత నన్ను చూశారు. "మీరేటైనా సెప్పండి బాబూ. మీ మాటంటే దానికి గురి."

వెళ్ళి నిలబడ్డాను. తను అడిగినవి నేను ఎగ్గొట్టలేదు. అడగనివి ఇప్పుడు ఇస్తానంటే అది వినేవాళ్ళ కోసం చెప్పినట్టు అవుతుంది. వెనకాల గడప మీద ముసలావిడ ఆకలితో కూర్చుని ఉంది. ఏదో ఒకటి అనేసి వెనక్కి రావచ్చు. లోపలికి వెళ్ళి సంచిలోంచి అన్నిటికన్నా నలిగిన జీడిపండు తీసి, తను చితికినట్టే బొటనవేలితో చితికి, ఆకు అంచున పెట్టాను. మాట బదులు పండేమిటని బావమరిది మొహం పెట్టాడు.

కాకులు కదల్లేదు. కొంతసేపటికి మామిడి కొమ్మ కిందుగా సీతాకోకచిలుక ఒకటి జారుతున్నట్టు ఎగిరి వచ్చి, ఫోటో వైపు వెళ్ళి, తిరిగి వచ్చి పండు మీద వాలింది. గోధుమరంగు. చూసి ముచ్చటపడేంత రంగులు ఏమీ లేవు. నాలుక చాపి పని మొదలుపెట్టింది. బావమరిది తువ్వాలు ఎత్తాడు, తోలడానికి.

"ఒగ్గీరా," అని ఆపారు అత్తగారు. గోడ పట్టుకుని లేచి వచ్చారు. వంగి చాలాసేపు చూశారు. ఇన్నేళ్ళలో ఆవిడ అలా చూడడం నేను ఎరగను. వేలు గాల్లో కదులుతోంది. "నాలుగే ఉన్నాయి," అన్నారు. "ఇది ఏ ఇంటిదండీ?"

మీ తోటదేనని చెప్పాను. చిన్నప్పుడు జీడాకు, మామిడాకు తింటుంది, ఆకు నడుమ ఈనె మీద పడుకుంటే కనపడదు, దొరలు బేరన్ అన్నది దీన్నేనని చెప్పాను. జమీందారులాంటి బిరుదు.

"మా తోటకి జమీందారా. శిస్తు కోసం ఇక్కడిదాకా వచ్చాడన్నమాట."

బావమరిది గొంతు తగ్గించి అడిగాడు. "బావా, అక్కేనంటావా?"

"కాదు," అన్నాను.

అతను నొచ్చుకున్నాడు. తను ఉండి ఉంటే అంతకన్నా గట్టిగా చెప్పేది. మీ అక్క కుంచెకాళ్ళ కుటుంబంలో లేదనేది.

అత్తగారు కొడుకు వైపు తిరిగారు. "అదెందుకవుద్దిరా. మా గుంటకి జీడిపండు గొంతు పట్టీసీది, ముట్టీది కాదు. ఇది సుట్టం. దీనోళ్ళందరికీ ఇన్నేళ్ళూ ఈ గోడ మీద తిండి ఎట్టింది." తీగ మీది కాకుల వైపు చెయ్యి చూపించారు. "ఆటిని మనం పిలిసేం. దీన్ని అది పిలిసింది. పిలిసిన సుట్టం తింటంది కదా, ఇంకేటి కావాలి?"

కాకే ముట్టాలని శాస్త్రమని బావమరిది నసిగాడు. శాస్త్రం తెలిసినదాన్ని తానే కన్నానని అత్తగారు అన్నారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, నడుము పట్టుకుని గడప దాటి లోపలికి నడిచారు.

"నాకు అన్నం ఎట్టండి బాబూ."

వడ్డించాను. తాను వండిన పులుసులో ఉప్పు ఎక్కువైందని, ఇంతమందిమి ఉండి ఎవరమూ చెప్పలేదని తిడుతూ తిన్నారు. ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుంటుండగా ఒక కాకి దిగి చేపముక్క ఎత్తుకుపోయింది. అత్తగారు కంచంలోంచి తల ఎత్తకుండానే, బేగి వచ్చావని దాన్ని మెచ్చుకున్నారు.

భోజనాలయ్యాక నేను కాఫీ కలుపుతున్నాను. చుట్టం ఇంకా పండు మీదే ఉంది. బావమరిది ఫోను పట్టుకుని గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మిగతా రెండు కాళ్ళూ ఎక్కడ దాచిందో తొంగిచూస్తున్నాడు. నేను గ్లాసు తీసుకుని అటు వెళ్ళబోతే అత్తగారు ఆపారు.

"లెక్క సెప్పినాక ఇవ్వండి."