పసుపు తిరిగితేనే మంచినీళ్ళు

1996 నవంబరు. తుపాను వెళ్ళిన వారంలోనే నన్ను కాకినాడ నుంచి కోనసీమ అంచున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక మత్స్యకారుల పల్లెకి వేశారు. అప్పుడు నేను గ్రామీణ నీటి సరఫరాలో అసిస్టెంట్ ఇంజినీరుని. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉన్నాయి. బావుల నిండా ఉప్పునీళ్ళు. చెరువులోంచి పశువుల కళేబరాలు తీసేశారు గానీ, నీళ్ళు మాత్రం అవే. ఊరంతా తలదాచుకున్న బడిలో అప్పటికే కొందరికి నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించి, బడి ముందు పెట్టిన ప్లాస్టిక్ ట్యాంకు నింపి, క్లోరినేషన్ చేయాలి. అంటే రోగాల క్రిములు చచ్చేటంత బ్లీచింగ్ పౌడరు కలపాలి. కలిపాను. దండోరా వేయించాను. మర్నాడు పొద్దున్న వచ్చి చూస్తే ట్యాంకు నింపింది నింపినట్టే ఉంది! రోడ్లన్నీ కోసుకుపోయి ఉంటే ట్యాంకరు డ్రైవరు చచ్చీ చెడీ తెచ్చిన నీళ్ళవి. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒకావిడ చెరువు నీళ్ళ బిందెతో నా ముందు నుంచే దర్జాగా నడిచి వెళ్తోంది. పేరు సత్తెమ్మ. ఊరూరా చేపలమ్మే మనిషి, గొంతు గట్టిది.

"ఏమ్మా, మంచినీళ్ళు ఇక్కడ పెట్టుకుని ఆ పాడునీళ్ళు తాగుతారా?" అన్నాను.

"ఈ నీళ్ళు మేం తాగమండి. ఇందులో మీరు మందు కలిపేరంట కదండీ."

"కలిపాం. అందుకే తాగమంటున్నాం."

"మా ఆడపడుచు మొగుడు మందు తాగే పోయాడండి బాబూ. మా కోడలు పచ్చి బాలింతండి. దానికీ మందు నీళ్ళు పట్టమంటారేంటండీ?"

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. దండోరా వేసినాయన "ట్యాంకులో మందు కలిపేరహో, అందరూ ఆ నీళ్ళే తాగాలహో" అని ఊరంతా చాటాడు. మాకు మందంటే రోగం తగ్గించేది. చుట్టూ వరిచేలున్న ఆ పల్లెలో మందంటే పురుగు చావడానికి చేలో కొట్టేది. పైగా ట్యాంకు దగ్గర ఆ ఘాటు వాసనొకటి. కొందరు మగాళ్ళు మాత్రం అది వేరే మందనుకుని గ్లాసులతో సహా వచ్చి, వాసన చూసి మొహాలు వేలాడేసుకుని వెళ్ళారని తర్వాత తెలిసింది.

ఆవిడ చూస్తుండగానే ఒక గ్లాసు పట్టుకుని గటగటా తాగేశాను. ఏం లాభం?

"కాకినాడలో ఉండేవోళ్ళండి, మీకు అలవాటైపోయుంటాది" అనేసింది సత్తెమ్మ. కోడలికి రాత్రి నుంచి కడుపులో తిప్పుతోందని కూడా చెప్పింది. ఆ మాటతో నా కోపం ఎగిరిపోయి భయం పట్టుకుంది. బాలింతకి విరేచనాలు పట్టుకుంటే, ఆ దారుల్లో ఆసుపత్రికి చేర్చడం మాటలు కాదు.

ఏం చేయాలో తోచక, కనీసం క్లోరిన్ సరిపోయిందో లేదో చూద్దామని సంచిలోంచి ఓ.టి. కిట్ తీశాను. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఆ కిట్‌లోని ద్రావణం చుక్కలు వేస్తే, క్లోరిన్ మిగిలి ఉన్న నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. ఆ మిగిలినదాన్నే రెసిడ్యువల్ క్లోరిన్ అంటాం. తర్వాత బిందెలో ఏదైనా క్రిమి పడినా దాని సంగతి చూసేది అదే. చుక్కలు వేశాను. నీళ్ళు చక్కగా రంగు తిరిగాయి.

వెళ్ళబోతున్న సత్తెమ్మ ఆగిపోయింది. "పసుపాండీ అది?"

"మీ బిందెలో నీళ్ళు కూడా కాసిని ఇలా పొయ్యమ్మా" అని, వాటిలోనూ చుక్కలు వేశాను. రంగు రాలేదు.

"దెబ్బ తగిలితే పసుపెందుకు అద్దుతారమ్మా?"

"చీము పట్టకుండానండి."

"ట్యాంకులో కలిపింది పసుపు కాదు గానీ, చేసే పని అదే. నీళ్ళు చెడకుండా కాస్తుంది. ఈ రంగు వచ్చిందంటే అది ఇంకా కాపలా ఉన్నట్టు."

"ఆ ముక్క చెప్పకుండా మందంటారేంటండీ, గుండెలాగిపోయేలాగ!"

బిందె అక్కడే బోర్లించి, ట్యాంకు పంపు కింద పెట్టింది. ముందు తనే తాగి, బడి మెట్ల మీద కాసేపు కూర్చుని, తనకేమీ కాలేదని నమ్మకం కుదిరాకే కోడలికి తీసుకెళ్ళింది. బడిలో పెట్టిన సహాయ శిబిరంలోని నర్సు ఆ నీళ్ళలోనే ఓఆర్ఎస్ కలిపి ఇచ్చింది. కోడలు తేరుకుంది.

దండోరా మాట మార్పించాను. "పసుపు తిరిగే నీళ్ళొచ్చాయహో" అనేసరికి సాయంత్రానికి ట్యాంకు ముందు బిందెలు బారులు తీరాయి. నా దగ్గరున్న రెండో కిట్ సత్తెమ్మకిచ్చి, పరీక్ష చేసిన నీళ్ళు పారబోయాలే తప్ప తాగకూడదని మరీ మరీ చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అంది.

కొన్నాళ్ళకి నేను పక్క ఊరు వెళ్ళి వచ్చేసరికి బడి ముందు పెద్ద గొడవ. ఎవరో దాత సొంత ఖర్చుతో ట్యాంకరు తెచ్చాడు. ఆడవాళ్ళంతా దానికి అడ్డంగా నిలబడ్డారు.

"చూడండి ఇంజినీరు గారూ, కొబ్బరినీళ్ళలాంటి బోరు నీళ్ళు తెస్తే వద్దంటున్నారు!" అన్నాడాయన.

సత్తెమ్మ గాజు గొట్టం ఎండకెత్తి పట్టుకుంది. "పసుపు తిరగలేదండి. పురిటి పిల్లలున్నారండి మాకు. ఊరికే ఇచ్చినా తీసుకోమండి."

దాత నా వైపు చూశాడు. "ఇక్కడ నీళ్ళు పాస్ చేయాల్సింది ఆవిడేనండి" అన్నాను. ట్యాంకరులో పౌడరు కలిపి, అరగంట ఆగి, గొట్టం మళ్ళీ ఆవిడకే ఇచ్చాను. రంగు తిరిగాక గానీ ఆడవాళ్ళు దారి ఇవ్వలేదు.

ఆ శిబిరంలో నీళ్ళ వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. మోతాదు లెక్కలు నాకు కాలేజీలో నేర్పారు. మనం అనే మాట అవతలివాళ్ళ చెవిలో ఏమని పడుతుందో ముందు కనుక్కోవాలని ఆ పల్లె నేర్పింది. తర్వాత సర్వీసులో చాలా ట్యాంకులు కట్టించాను. కానీ నా పని గురించి ఎవరడిగినా నేను గర్వంగా చెప్పుకునేది మాత్రం ఆడవాళ్ళు ఆపేసిన ఆ ట్యాంకరు గురించే.