విను నాన్నా

మాకు మెడిసిన్ చెప్పిన సార్‌కి ఒక అలవాటు. వార్డులో ఏ స్టూడెంట్ ఎదురుపడినా రోగి దగ్గరికి లాక్కెళ్ళి, తన స్టెతస్కోపు వాడి చెవుల్లో పెట్టి, "విను నాన్నా" అనేవారు.

పత్తి పంట దెబ్బతిన్న ఏడు, పురుగుమందు తాగిన రైతులు రోజూ వచ్చేవాళ్ళు. ఈ విషానికి వైద్యం చేసే పాఠం రోగి మంచం పక్కనే చెబుతాను, పదిమందేసి పిల్లల్ని పంపండని సార్ కాలేజీ పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డారు. అలా అయితే సిలబస్ పూర్తికాదన్నారు వాళ్ళు. చేసేది లేక హాల్లో నూటయాభై మందికీ నోట్సు చదివేశారు. పరీక్షలో రాదులే అని నేను సగమే రాసుకున్నాను.

హౌస్ సర్జన్‌గా ఉండగా పురుగుమందు తాగిన నరసరావుపేట వైపు రైతు ఒకాయన నా చేతికొచ్చాడు. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించాను. విషానికి చిన్నవైపోయిన కంటిపాపలు పెద్దవి కాగానే, గండం గడిచిందని ఆయన భార్యకు చెప్పి మందు ఆపేశాను. ఆపేముందు ఛాతీ వినాలి; అది నేను రాసుకోని సగంలో ఉంది. నేను వినలేదు. ఊపిరితిత్తుల్లో నీరు గుడగుడలాడుతూనే ఉంది. సార్ పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం పోయింది.

"గండం గడిచిందన్నావు కదయ్యా!" అంటూ ఆమె నా చొక్కా పట్టుకుంది.

ఆమెను బయటికి తీసుకెళ్ళాక, తిడతారని తలొంచుకున్నాను. సార్ స్టెతస్కోపు నా చెవుల్లో పెట్టి, ఆ ఛాతీమీద ఆనించారు. ఏమీ వినపడలేదు.

"బతికున్నవాడి దగ్గర వినిపించాల్సింది నాన్నా," అన్నారు. "నేనేమో హాల్లో చదివేసి వెళ్ళిపోయాను."