మూర్తిగారి ముప్పై రెండు లైన్లు

పన్నెండున్నరకి కరెంటు తీసేస్తామని పొద్దుటే చెప్పారు. భారతీదేవి గడియారం చూసింది. పన్నెండూ ఐదు.

భర్త మూర్తిగారు పోయి నలభై రోజులు. బరంపురం పాత బస్టాండు వెనక ఆయన కంప్యూటర్ పాఠాలు చెప్పిన గది ఇవాళ ఖాళీ చెయ్యాలి. పాత సామాన్లు కొనేవాడు రిక్షాతో గుమ్మంలోనే ఉన్నాడు. ముప్పై ఏళ్ల కిందట ఈ గదిలోనే బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్న సాయిపద్మ ఆ పాత మెషిన్ ముందు కూర్చుంది.

బేసిక్ ఉన్న ఫ్లాపీ ఒక్కటే పనిచేసింది. మిగతావన్నీ బూజు. దొరికింది చిల్లుల అంచుల కాగితం మీద ముప్పై రెండు లైన్ల ప్రోగ్రాము. పైన ఆయన చేతిరాత: ‘భారతికి’. మెషిన్‌కి దాచుకునే శక్తి లేదు. కరెంటు పోతే కొట్టిందంతా పోయినట్టే.

“సాయంత్రం నా ల్యాప్‌టాప్‌లో సేసి సూపిస్తానమ్మా.”

“ఇక్కడికొచ్చి ఇందులోనే సూడమనీవోరు మీ సారు. కానియ్.”

పెళ్లయిన కొత్తలో ఒక్కసారే ఆమె ఇక్కడికి వచ్చింది. గంటసేపు గుమ్మంలో నిలబడితే ఆయన తెర మీంచి కన్ను తిప్పలేదు. వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా తన కొట్లో పసుపు బస్తాలు దిగుతున్నాయనేది. అయినా రాత్రి భోజనాలయ్యాక ఆయన కాగితం చేతికిస్తే అంకెలు చదివేది. ఆయన ఒక్కో అంకె తిరిగి చెప్పి టిక్కు పెట్టుకునేవారు. ఇరవై మంది పిల్లలకి ఒకటే మెషిన్. కాగితం మీద సరిచూడనిదే ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

“పన్నెండు, నలభై, పదమూడు, నలభై రెండు. తిరిగి సెప్పు,” అంది భారతీదేవి ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని.

“టైము లేదమ్మా, ముందుకెల్లండి.”

ఇరవై నిమిషాలకి ఆఖరి లైను పడింది. నడిపితే చుక్కయినా రాలేదు. అంకెలు చాల్లేదని ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది.

“హెలా కి, మా?” అయిందా అని గుమ్మంలోంచి రిక్షావాడు ఒడియాలో కేక.

“ఉండవయ్యా, పెళ్లికెల్లాలా నువ్వు?”

సాయిపద్మ కొట్టినదంతా తెర మీదికి తెచ్చింది. భారతీదేవి తెర గాజు మీద వేలు పెట్టి పదేసి చొప్పున పెరిగే లైను నంబర్ల వెంబడి కిందికి దిగింది. రెండు వందల అరవై, డెబ్భై, తొంభై.

“ఎనభై ఏదే?”

“అయ్యో, దాన్ని డెబ్భై అని కొట్టేశాను. పాత డెబ్భై దాని కింద తుడిచిపెట్టుకుపోయింది.”

“అందుకే తిరిగి సెప్పమన్నాను. మీ సారైతే బెంచీ ఎక్కించీవోరు. రాసుకో.”

ఆ రెండు లైన్లూ ఆమె చదివింది. సాయిపద్మ ఈసారి ప్రతి అంకెనూ తిరిగి చెప్పింది. పన్నెండూ ఇరవై తొమ్మిది.

నల్లని తెర మీద తెల్లని గీతలు మెల్లగా వంపు తిరిగాయి. తెలుగు రాని మెషిన్‌లో గీతకి గీత అతికించి ఆయన అక్షరాలు చేశారు. అ. లి. గా. వా.

అలిగావా?

ఆ అంకెలన్నీ రాత్రుళ్లు విసుక్కుంటూ ఆయనకి చదివి వినిపించింది తనే.

“మళ్లీ నడుపు,” అంది.

రెండోసారి ‘లి’ సగంలో ఉండగా ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

“అలిగానండీ,” అంది భారతీదేవి ఆ తెరతో.