పోశవ్వ కోసం సదయ్య కట్టిన పడక

సదయ్య చేతులు వ్యాను లోపలి రేకును తడుముతున్నాయి. వెనక సీట్లు విప్పేసిన చోట బోల్టు రంధ్రాలు మిగిలాయి. వాటి అంచులను ఆకురాయితో ఒక్కొక్కటిగా నునుపు చేసి, వేలితో రుద్ది చూశాకే పైన పలకలు పరిచాడు.

అది 2012 జనవరి. గోదావరిఖనిలో కిరాయి వ్యాను నడిపే రఘుపతి ఇంటి ముందు ఆ పని. రఘుపతి తల్లి పోశవ్వకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు సరిగా వంగవు. మేడారం జాతరలో మూడు రాత్రులు వ్యానులోనే పడుకోవాలి. ఎవరి సాయం లేకుండా పడుకొని, లేచి, దిగగలిగితేనే తీసుకుపోతానని కొడుకు ఖరాఖండిగా చెప్పాడు. తప్పితే మళ్ళీ రెండేళ్ళకే జాతర. అన్నాళ్ళు ఆగే ఓపిక తనకు లేదని ఆమే సదయ్యకు కబురు పెట్టింది.

సదయ్య బొగ్గు తవ్వినవాడు కాదు. ముప్పై ఏళ్ళు గని మీది లాంపు రూంలో పనిచేశాడు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకొని చార్జింగుకు పెట్టడం అతని డ్యూటీ. వైరింగు, వడ్రంగం ఎవరూ నేర్పలేదు. చెడిపోయినవి విప్పి చూసి నేర్చుకున్నాడు. రిటైరయ్యాక కాలనీలో ఏ బండిలో దీపం వెలగకపోయినా అతన్నే పిలుస్తారు.

ముందుగా పోశవ్వ ఇంట్లో పడుకునే మంచం ఎత్తు కొలిచాడు. వ్యానులో చెక్క పడక అదే ఎత్తుకు కట్టాడు, కూర్చుంటే పాదాలు కింద ఆనేటట్టు. రఘుపతి తెచ్చిన రెగ్జిన్ పరుపు చెమటకు వీపుకు అంటుకుంటుందని పక్కన పెట్టించాడు. కొబ్బరి పీచు పరుపు వేసి, దాని మీద ఆమె పాత నూలు చీరల బొంత పరిచాడు. కిటికీలకు దోమతెర, పరదాలు. తలుపు పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప పైపు, కింద ఒక మెట్టు. చివరగా తల వైపు, పైన, తెల్లటి దీపం బిగించాడు.

రఘుపతి ఎక్కి స్విచ్చి వేసి చూసి మురిసిపోయాడు. "మస్తుగుంది కాకా. తాళంచెవి ఇయ్యి ఇగ."

పని కోసం తీసుకున్న బండి తాళంచెవిని సదయ్య జేబులోంచి తీయలేదు. "పండుకునేది నువ్వా, మీ అవ్వనా? లాంపు రూంల ఒకని లాంపు ఇంకొకని చేతికియ్యం. పెట్టుకునేటోడే వెలిగించి చూసుకోవాలె."

అది గని, ఇది బండి అని రఘుపతి నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి తల్లిని పిలుచుకొచ్చాడు.

మిట్టమధ్యాహ్నం పరదాలన్నీ మూసి సదయ్య లోపల చీకటి చేశాడు. పోశవ్వ పైపు పట్టుకొని ఎక్కి, పడుకొంది. దీపం వెలగగానే కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఏంది తమ్మీ, పండుకున్నోళ్ళ కండ్లల్ల పొద్దును పెట్టినవ్?"

సదయ్య ఆమెను దింపి, అదే చోట తాను పడుకొని చూశాడు. వెలుగు నేరుగా కళ్ళలో గుచ్చుకుంది. ఆమె కాలు పెట్టాల్సిన మెట్టు మాత్రం పడక నీడలో మునిగిపోయింది. ముప్పై ఏళ్ళు నుదుటి మీద పెట్టుకునే దీపాలే ఇచ్చిన చేయి, అలవాటుగా ఈ దీపాన్నీ తల దగ్గరే పెట్టింది. నడిచే మనిషికి అది సరే. పడుకున్న మనిషికి వెలుగు కావలసింది కాళ్ళ దగ్గర.

దీపానికి ఒక గుడ్డ చుడితే సరిపోతుంది కదా అని రఘుపతి అంటుండగానే సదయ్య స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు పడక కింద, మెట్టు వైపు తిప్పి, పసుపు వెలుగు ఇచ్చే చిన్న దీపం అమర్చాడు. దానికి రేకు వంచి గొడుగు పెట్టాడు. స్విచ్చిని ఆమె కుడిచేయి వాలే చోటికి మార్చి, చీకట్లో వేలికి తెలిసేలా పక్కనే గుండ్రటి తల ఉన్న మేకు కొట్టాడు. పైన మిగిలిన రంధ్రాలను లప్పంతో పూడ్చి రంగు వేశాడు.

మళ్ళీ పరదాలు మూశారు. పోశవ్వ కళ్ళు మూసుకొనే తడిమి స్విచ్చి వేసింది. ముఖం మీద వెలుగు పడలేదు, మెట్టు కనిపించింది. లేచి కూర్చుంది. పైపు పట్టుకొని ఒక్కో కాలూ దించి నేల మీద నిలబడింది. కొడుకు చాచిన చేయి అట్లాగే ఉండిపోయింది.

"చెయ్యి దేనికిరా, పోయి తల్లులకు మొక్కు బెల్లం కొనుక్కరా" అంది.

సదయ్య చేతులు తుడుచుకొని, తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.